ఉయ్యాల నిండని రాణి

చదువవలసిన లేఖనములు: 1 సమూయేలు 1:1-20, లూకా 1:5-7, యోహాను 9:1-3



సంఘచరిత్ర చదివినవారికి ఇంగ్లండు దేశపు మొదటి మేరీ రాణి పేరు క్రొత్త కాదు. ఆమె యేలిన అయిదేండ్లలో సుమారు 280 మంది ప్రొటెస్టెంటు విశ్వాసులు సజీవముగా దహింపబడిరి. అందుచేత ఆమెకు రక్తపు మేరీ అను పేరు వచ్చి, నేటివరకును నిలిచియున్నది. ఆ మంటలను గూర్చి మనము ప్రసంగములలో అనేక పర్యాయములు వినియున్నాము.

అయితే ఆ రాణి జీవితములో మనము అంతగా వినని భాగమొకటి కలదు. ఆమె 38 యేండ్ల వయస్సున పెండ్లి చేసికొని, ఒక్క బిడ్డకొరకు నాలుగేండ్లు ఎదురుచూచి, ఉయ్యాల ఖాళీగా నుండగానే కన్ను మూసిన స్త్రీ. మన సంఘములలోను చదువుచేతనో, ఉద్యోగముచేతనో, చెల్లెండ్ర పెండ్లిండ్లు ముందు చేయవలసి వచ్చుటచేతనో ఆలస్యముగా వివాహమైనవారు కలరు. పెండ్లి సకాలమందే జరిగినను పదేండ్లు, పదునైదేండ్లు బిడ్డకొరకు కనిపెట్టుచున్నవారును కలరు. వారిని తలంచుకొని ఈ నెల ఈ రాణి జీవితమును ధ్యానింతము.

తల్లి కన్నీరు

మేరీ 1516వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన గ్రీనిచ్ రాజగృహమందు జన్మించెను. తండ్రి ఎనిమిదవ హెన్రీ రాజు. తల్లి స్పెయిను రాజకుమార్తెయైన కేథరిన్. ఈ తల్లి కన్న బిడ్డలలో బ్రదికి పెద్దయైనది మేరీ ఒక్కతెయే. కొందరు చనిపోయియే పుట్టిరి. 1511లో పుట్టిన మగబిడ్డ రెండు నెలలైనను నిండకుండ మరణించెను. ఆ బిడ్డకొరకు రాజ్యమంతయు చేసిన సంబరము అంతలోనే శోకమాయెను.

హెన్రీకి తన సింహాసనమెక్కుటకు కుమారుడు కావలెను. కేథరిన్ మొదట అతని అన్నయైన ఆర్థరునకు భార్య. ఆర్థరు పెండ్లియైన కొద్ది నెలలకే చనిపోగా, 1509లో హెన్రీ ఆమెను వివాహమాడెను. యేండ్లు గడచి, ఆమెకు ఇక కానుపు కాదని తేలిన తరువాత రాజు లేవీయకాండము 20వ అధ్యాయము 21వ వచనమును పట్టుకొనెను. సహోదరుని భార్యను చేర్చుకొనినవారు సంతానహీనులగుదురని అచ్చట వ్రాయబడియున్నది. తన బిడ్డల మరణము ఆ పాపమునకు దేవుడు విధించిన శిక్షయని అతడు చెప్పసాగెను. సంతానము లేక మరణించిన సహోదరుని భార్యను బ్రదికియున్నవాడు పెండ్లాడవలెనని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో నున్న మాటను కేథరిన్ పక్షమువారు చూపించిరి. పండితులు యేండ్ల తరబడి వాదించిరి. కుమార్తె కన్నులయెదుట పెరుగుచున్నను రాజు ఆమెను సంతానముగా లెక్కింపలేదు.

1533లో క్రాన్మర్ ఆర్చిబిషప్పు ఆ వివాహము చెల్లదని తీర్పు చెప్పెను. రాజు అంతకు ముందే ఆన్ బోలిన్ అను ఆమెను పెండ్లాడియుండెను. ఆ సెప్టెంబరులో ఆమెకు ఎలిజబెత్ పుట్టెను. అప్పటికి 17 యేండ్లున్న మేరీ అక్రమ సంతానమని యెంచబడి, రాజకుమార్తె యను బిరుదు పోగొట్టుకొని, ఆ పసిబిడ్డ పరివారములో నుండుటకు పంపబడెను. తల్లిని చూచుటకు రాజు సెలవియ్యలేదు. 1536 జనవరి 7వ తేదీన కేథరిన్ చనిపోయినప్పుడు సహితము కుమార్తె ప్రక్కన లేదు.

ఖాళీ ఉయ్యాలను చూచి అందులో దేవుని తీర్పును చదువబూనుట ఒక యింటిని ఎట్లు కూల్చునో మేరీ ఈ విధముగా చిన్నతనముననే చూచెను.

పెండ్లి కాని యేండ్లు

మేరీకి రెండేండ్ల వయస్సున ఫ్రాన్సు యువరాజుతో నిశ్చితార్థము జరిగి తప్పిపోయెను. ఆరేండ్లప్పుడు చార్లెస్ చక్రవర్తితో నిశ్చయింపబడెను. అతడు కొన్నియేండ్లకు పోర్చుగలు రాజకుమార్తెను చేసికొనెను. పిమ్మట ఇంకెన్నో సంబంధములు మాటలలోనే ముగిసెను. తండ్రి ఆమెను అక్రమ సంతానమనెను, అయినను రాజకుటుంబపు పిల్ల గనుక ఎవరికిని ఇయ్యలేదు. ఆమె యౌవనకాలమంతయు ఇట్లు జరిగిపోయెను. పదునారు పదునేడేండ్ల నుండియే ఆమె బహిష్టు సరిగా రాక, తలనొప్పులతోను దుఃఖముతోను తరచుగా మంచము పట్టుచుండెను.

ఆమెకు బిడ్డలనిన ప్రీతి. 1537లో మూడవ భార్యయందు హెన్రీకి ఎడ్వర్డ్ అను కుమారుడు కలిగినప్పుడు మేరీయే ఆ శిశువునకు జ్ఞానతల్లిగా నిలిచెను. ఇతరుల బిడ్డల బాప్తిస్మములకు ఆమె ఇచ్చిన కానుకలు ఆమె ఖర్చుల లెక్కలలో మాటిమాటికి కనబడుచున్నవి. ఎత్తుకొనిన బిడ్డలందరు ఒకరి బిడ్డలే.

ఎడ్వర్డ్ రాజై ప్రొటెస్టెంటు ఆరాధనను స్థాపించి, 1553 జూలై 6వ తేదీన 15 యేండ్ల వయస్సుననే మరణించెను. కొందరు పెద్దలు జేన్ గ్రే అను యువతిని రాణిగా ప్రకటించిరి గాని, జనులు మేరీ పక్షము చేరిరి. జూలై 19వ తేదీన లండను పట్టణము మేరీని రాణిగా అంగీకరించెను. అప్పుడామెకు 37 యేండ్లు.

ఆమె రోమను కతోలిక మతమును గట్టిగా పట్టుకొనినది. తనకు బిడ్డ పుట్టనియెడల రాజ్యము ఆన్ బోలిన్ కుమార్తెయైన ఎలిజబెత్‌కు పోవును; తాను మరల నిలిపినదంతయు పడిపోవును. కావున బిడ్డ ఆమెకు హృదయవాంఛయును, రాజ్యకార్యమును ఆయెను. మునుపు తనకు నిశ్చయింపబడి తప్పిపోయిన చార్లెస్ చక్రవర్తి కుమారుడైన ఫిలిప్పును ఆమె ఎన్నుకొనెను. జనులనేకులకు ఆ సంబంధము ఇష్టము లేక తిరుగుబాటు కూడ జరిగెను. అయినను 1554 జూలై 25వ తేదీన వించెస్టరు దేవాలయములో వివాహము జరిగెను. వరునికి 27 యేండ్లు, వధువునకు 38. అతనికి మొదటి భార్యవలన ఒక కుమారుడు అప్పటికే కలడు. కాబట్టి బిడ్డ కలుగకపోయిన నింద ఎవరిమీద పడునో వేరుగా చెప్పనక్కరలేదు.

సిద్ధపరచిన ఉయ్యాల

సెప్టెంబరు నాటికి రాణికి బహిష్టు నిలిచిపోయెను. కడుపు పెరిగెను, రొమ్ములు నిండెను, ఉదయకాలమున వికారము కలిగెను. వైద్యులు గర్భమేయనిరి. నవంబరులో పోపు ప్రతినిధియైన పోలు ఆమె దర్శనమునకు వచ్చినప్పుడు, బిడ్డ కడుపులో కదలినట్లు ఆమెకు తోచెను. లూకా సువార్త మొదటి అధ్యాయములో మరియ వందనము వినగానే ఎలీసబెతు గర్భములోని శిశువు గంతులువేసిన సంగతి అందరికిని జ్ఞాపకము వచ్చినది. దేవుడు తన పక్షముననున్నాడనుటకు ఇదియే సూచనయని రాణి నమ్మెను. నవంబరు 28వ తేదీన లండనులోని సెయింట్ పాల్ దేవాలయములో కృతజ్ఞతాస్తుతి పాడిరి. రాణి పురిటిలో మరణించినయెడల బిడ్డ సంరక్షణ ఎవరు చేయవలెనో పార్లమెంటు శాసనము కూడ చేసెను.

అదే పార్లమెంటు ఇంకొక శాసనమును చేసెను. రాణి దినములను తగ్గించుమని దేవుని ప్రార్థించువారు రాజద్రోహులుగా ఎంచబడుదురు. అనగా అట్టి ప్రార్థనలు చేయుచున్న ప్రొటెస్టెంటులు ఉండిరన్నమాట. ఒకే దేవుని సన్నిధికి ఒకే కడుపును గూర్చి ఇట్టి రెండు ప్రార్థనలు ఎక్కుచుండెను.

1555 ఫిబ్రవరి 4వ తేదీన జాన్ రోజర్సు అను బోధకునితో దహనములు ఆరంభమాయెను. ఏప్రిల్ నెలలో రాణి హాంప్టన్ కోర్టు రాజగృహములో పురిటిగదిని చేరెను. ఆ కాలపు ఆచారముప్రకారము కిటికీలకు తెరలు దించి, స్త్రీలు మాత్రమే లోపలనుండిరి. దేశమంతటినుండి గొప్పయింటి స్త్రీలు అచ్చటికి చేరిరి. మంత్రసానులు, దాదులు వచ్చిరి. మిగుల సొగసైన ఉయ్యాలను చేయించి దానిమీద పద్యములు వ్రాయించిరి. పరదేశపు రాజులకు శుభవార్త తెలుపు ఉత్తరములు వ్రాయించి, తేదీకి మాత్రము చోటు విడిచిపెట్టిరి.

ఏప్రిల్ 30వ తేదీన రాణికి కుమారుడు కలిగెనన్న వార్త లండనులో ప్రాకెను. అంగళ్లు మూసిరి, గంటలు మ్రోగించిరి, వీధులలో మంటలు వేసి విందులు చేసిరి. సముద్రమునకు ఆవలనున్న ఆంట్‌వర్పు రేవులో ఓడలు ఫిరంగులు కాల్చెను. అది వట్టి పుకారని మరునాటికి తెలిసెను.

మే నెల గడచెను. వైద్యులు లెక్క తప్పినదని జూన్ నెల చెప్పిరి. పిదప జూలై అనిరి. రాణికి ధైర్యము కలుగవలెనని, ఆమెవలెనే వయస్సు మళ్లిన ఒక స్త్రీకి ఒకే కానుపున సుఖముగా పుట్టిన ముగ్గురు బిడ్డలను తెచ్చి చూపించిరి. ఆమె నేలమీద దిండ్లు వేసికొని, మోకాళ్లు గడ్డమునకు ముడుచుకొని గంటలకొలది కూర్చుండుచుండెను. కడుపుతో నున్న స్త్రీకి అట్లు కూర్చుండుట సాధ్యము కాదని చుట్టునున్నవారికి తెలియును. ఎవరును నోరు తెరచి చెప్పలేదు. కడుపు మెల్లగా తగ్గిపోయెను.

ఆగస్టు ఆరంభములో రాణి ఆ గది విడిచి వేరొక రాజగృహమునకు వెళ్లెను. ప్రకటన యేదియు చేయలేదు. ప్రార్థనలును ఊరేగింపులును మౌనముగా నిలిచిపోయెను. ఆ నెలాఖరునకే ఫిలిప్పు తన తండ్రి రాజ్యకార్యములకై ఆమెను విడిచి వెళ్లిపోయెను.

గర్భము లేకయే దేహము గర్భవతి గురుతులన్నిటిని చూపుట కలదు. నేటి వైద్యులు దీనిని మిథ్యాగర్భమందురు. బహిష్టు ఆగుట, కడుపు ఎదుగుట, పాలు పడుట, బిడ్డ కదలినట్లుండుట, ఇవన్నియు అందులో జరుగును. ఆమె ఎవరిని మోసపుచ్చలేదు. బిడ్డ చనిపోయినదన్నను పాతిపెట్టుటకు సమాధియుండును. ఈమె దుఃఖమునకు అదియు లేదు.

ఇతరుల బిడ్డ

ఆ దుఃఖము ఆమె హృదయమును మెత్తపరచినదా? చరిత్ర మనకు భయంకరమైన జవాబు చెప్పుచున్నది. ఆ అక్టోబరు 16వ తేదీన రిడ్లీ, లాటిమర్ బిషప్పులు ఆక్స్‌ఫర్డులో కాల్చబడిరి. 1556 మార్చి 21వ తేదీన, ఆమె తల్లి వివాహమును కొట్టివేసిన క్రాన్మర్ కాల్చబడెను. అదే సంవత్సరము ఆమె యేలుబడిలోని గెర్న్సీ ద్వీపములో పెరొటీన్ మాసీ అను స్త్రీని తల్లితోను సహోదరితోను కలిపి దహించిరి. పెరొటీన్ నిండు చూలాలు. మంటలోనే ఆమెకు మగబిడ్డ పుట్టెను. ఒకడు ఆ శిశువును బయటికి లాగెను గాని, అధికారి ఆజ్ఞచేత మరల మంటలో వేసిరి. ఆ ఆజ్ఞ మేరీ ఇయ్యలేదు. అయినను ఆ యధికారి చేతికి ఖడ్గమిచ్చినది ఆమె శాసనమే. బిడ్డకొరకు అంతగా ఏడ్చిన రాణి రాజ్యములో ఒక తల్లికి అట్టి కానుపు జరిగెను.

రెండవ నిరీక్షణ

1557 మార్చిలో ఫిలిప్పు తిరిగి వచ్చి, జూలైలో యుద్ధమునకు వెళ్లిపోయెను. కొన్ని నెలలకు రాణి మరల తాను గర్భవతినని తెలియజేసెను. ఈసారి నమ్మినవారు కొద్దిమంది. 1558 జనవరిలో కలే పట్టణము ఫ్రెంచివారి వశమాయెను. ఆమెకు అప్పటికి 42 యేండ్లు నిండవచ్చెను. మార్చి 30వ తేదీన, పురిటికి పోవు స్త్రీలు చేయునట్లు, ఆమె మరణశాసనము వ్రాసెను. తన గర్భఫలమునకు రాజ్యము చెందవలెనని అందులో వ్రాయించెను. తన తల్లి శవమును తెప్పించి తన ప్రక్కనే పాతిపెట్టుమని కూడ కోరెను. తల్లి కావలెననియు, తల్లి దగ్గర నుండవలెననియు ఒకే కాగితముమీద వ్రాయించిన మాటలివి. రెండును నెరవేరలేదు.

వేసవిలో జబ్బు ముదిరెను. అక్టోబరు 28వ తేదీన ఆ మరణశాసనమునకు మరియొక మాట చేర్పించెను. తనకు సంతానము కలుగలేదని ఒప్పుకొని, న్యాయప్రకారము తరువాతివారికి కిరీటమును విడిచెను. నవంబరు 17వ తేదీన సెయింట్ జేమ్సు రాజగృహమందు మరణించెను. ఎలిజబెత్ రాణియై 44 యేండ్లు ఏలి, పెండ్లి లేక, బిడ్డ లేక 1603లో మరణించెను. నేడు వెస్ట్‌మినిస్టర్ దేవాలయములో ఆ అక్కచెల్లెండ్రు ఒకే సమాధిలో నిద్రించుచున్నారు. పైన శిల్పము ఎలిజబెత్‌ది మాత్రమే. మేరీ పేరు క్రింద చెక్కబడియున్నది.

మనము నేర్చుకొనవలసినవి

మొదటిది. ఉయ్యాలలో దేవుని తీర్పును చదువకూడదు. హెన్రీ చదివి భార్యను వెళ్లగొట్టెను. మేరీ తన గర్భములో దేవుని మెప్పును చదివి ఆశాభంగము పొందెను. ప్రొటెస్టెంటులనేకులు ఆమె గొడ్డుతనములో దేవుని శిక్షను చదివి సంతోషించిరి. ముగ్గురును తప్పు చదివిరి. మేరీ కడుపు దహనములకు శిక్షయైనయెడల, ఎవరిని దహింపని కేథరిన్ బిడ్డలేల చనిపోవలెను? ప్రొటెస్టెంటులైన ఎడ్వర్డ్, ఎలిజబెత్ ఏల సంతానము లేకుండ పోవలెను? మేరీ చేయించిన దహనములకు ఆమె దేవునియెదుట లెక్క చెప్పవలసినదే. ఆ లెక్కను ఆమె కడుపుమీద వ్రాయుటకు మనకు అధికారము లేదు. జెకర్యా ఎలీసబెతులు దేవుని దృష్టికి నీతిమంతులని చెప్పిన లూకా, ఆ వెంటనే వారికి పిల్లలు లేరని చెప్పుచున్నాడు. పుట్టు గ్రుడ్డివానిని గూర్చి ఎవరు పాపము చేసిరని శిష్యులడుగగా, ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను.

రెండవది. ప్రార్థనను పరీక్షగా మార్చకూడదు. హన్నాకు సమూయేలు కలిగెను, దేవునికి స్తోత్రము. కాని హన్నావలె ఏడ్చి, హన్నావలె ప్రార్థించి, బిడ్డ లేకయే ప్రభువునొద్దకు చేరిన భక్తురాండ్రు ఎందరో కలరు. వారి విశ్వాసము తక్కువైనదని చెప్పుటకు మనమెవరము? దంపతులమీద చేతులుంచి ప్రార్థించునప్పుడు, దేవుడు చెప్పని తేదీని దేవుని పేరట చెప్పకూడదు. రాణి వైద్యులు నెలకొక తేదీ చెప్పి ఆమెను ఎంత నలిపిరో చూచితిమి.

మూడవది. దేవుడిచ్చిన వైద్యమును తృణీకరింపకూడదు. స్త్రీకి 35 యేండ్లు దాటిన పిదప గర్భము ధరించు అవకాశము తగ్గుచు వచ్చును. 40 దాటినప్పుడు మరింత తగ్గును. ఇది దేహధర్మము, శాపము కాదు. కారణము భర్తయందును ఉండవచ్చును. కాబట్టి భార్యను మాత్రము ఊరూర త్రిప్పక, భర్తయు సిగ్గుపడక కూడ వెళ్లి పరీక్ష చేయించుకొనవలెను. 35 దాటినవారు ఆరు నెలలకంటె ఎక్కువ వేచియుండక వైద్యుని అడుగుట మంచిది. తాయెత్తులవలనను మ్రొక్కుబడులవలనను డబ్బును కాలమును పోవును.

నాలుగవది. మన నోటిని కాచుకొనవలెను. సీమంతమునకు ఆమెను పిలువకుండుట, బిడ్డను ఎత్తుకొనబోగా తల్లి వెనుకకు తీసికొనుట, ఉదయమున ఎదురువచ్చినదని ముఖము త్రిప్పుకొనుట, కొడుకునకు రెండవ పెండ్లి చేసెదనని అత్త అనుట, ఇవి మన విశ్వాసుల యిండ్లలోను జరుగుచున్నవి. ప్రతి ఆదివారమును గుడి వాకిట విశేషమేమైన ఉన్నదా అని అడుగుట ప్రేమ కాదు. ఏడ్చువారితో ఏడువుడని అపొస్తలుడు ఆజ్ఞాపించెను; ఏడ్చువారిని ప్రశ్నింపుమని చెప్పలేదు.

అయిదవది. కనిపెట్టుచున్న సహోదరీ, నీతో ఒక మాట. నీ దుఃఖము పాపము కాదు. హన్నా ఏడ్చినందుకు దేవుడు ఆమెను గద్దింపలేదు. అయితే దుఃఖము హృదయమును దున్నగలదు, రాయిగాను చేయగలదు. రాణికి ఏది జరిగెనో చూచితివి. నీ కన్నీరు ఇతరుల బిడ్డలవైపు నిన్ను నడిపించునట్లు వేడుకొనుము. సండే స్కూలులో నీ చుట్టు చేరు పిల్లలు, తల్లి లేని పొరుగింటి పిల్ల, దత్తతకొరకు ఎదురుచూచు అనాథ శిశువు, వీరిలో ఎవరిని దేవుడు నీ చేతికి అప్పగించునో యెవరెరుగుదురు? సంతానము లేనివారికి తన మందిరములో కుమారులకంటెను కుమార్తెలకంటెను శ్రేష్ఠమైన పేరు పెట్టెదనని యెషయా 56వ అధ్యాయములో దేవుడు వాగ్దానము చేసియున్నాడు. బిడ్డ కలిగినను కలుగకపోయినను ఆ పేరు నీదే.

ప్రార్థన

జీవమునకు కర్తవైన తండ్రీ, ఖాళీ ఉయ్యాలలున్న యిండ్లను జ్ఞాపకము చేసికొనుము. నీ చిత్తమైనయెడల వారి ఒడి నింపుము. నింపకున్నను వారి చేతిని విడువకుము. వారిమీద తీర్పు చెప్పు మా నాలుకలను శుద్ధిచేయుము. మా శత్రువు కన్నీరు చూచి సంతోషించు మనస్సును మాలోనుండి తీసివేయుము. బేత్లెహేములో శిశువుగా వచ్చిన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.